పాటే లేని వయొలిన్ ఆల్బమ్‌ని మొదటిసారి ఎలా వినాలంటే

మా అమ్మకి ఓసారి డర్టీ త్రీ అనే బ్యాండ్ వాళ్ళ ఓషన్ సాంగ్స్ ఆల్బమ్ పెట్టా, ఐదు నిమిషాలు ఓపిగ్గా విని "పాట ఎప్పుడు మొదలవుద్దిరా?" అంది. మొదలవదమ్మా, ఇంతే. గొంతు వచ్చిద్దని కాసుకు కూర్చుంటే ఆల్బమ్ మొత్తం అయిపోయిద్ది, ముందు ఆ ఆశ వదిలేయండి.

వీళ్ళు మెల్‌బోర్న్ వాళ్ళు, 1992లో మొదలెట్టారు, ఉన్నది ముగ్గురే. వారెన్ ఎల్లిస్ వయొలిన్, మిక్ టర్నర్ గిటార్, జిమ్ వైట్ డ్రమ్స్. ఈ ఆల్బమ్ 1998లో వచ్చింది, రికార్డ్ చేసింది స్టీవ్ ఆల్బిని. బ్యాండ్‌లో బాస్ గిటార్‌కంటూ వేరే మనిషి లేడు కాబట్టి ఫోన్లో బాస్ బూస్ట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, బాస్‌ని పెంచబోయి ఉన్న డ్రమ్స్‌ని బురద చేసిద్ది. షఫుల్ కూడా తీసేయండి, వరసలో వినాల్సిన సరుకు ఇది. ఇయర్‌ఫోన్లు మామూలువి చాలు.

అసలు జాగ్రత్త వాల్యూమ్ దగ్గర. నేను గుంటూరు నుంచి బెజవాడ బస్సులో వింటున్నా, మంగళగిరి దగ్గర ఏమీ వినపడట్లేదని ఫుల్లుగా పెంచేశా, ఆ ట్రాకేమో పది నిమిషాలది, అథెంటిక్ సెలెస్టియల్ మ్యూజిక్, మెల్లమెల్లగా ఉబ్బుకుంటా వచ్చి వారధి మీదకొచ్చేసరికి చెవుల్లో పేలింది, నేను ఇయర్‌ఫోన్లు పీకేస్తే పక్కనున్న బాబాయ్ ఫోన్ కాలిందేమో అనుకుని లేచి నిలబడ్డాడు. అందుకని ముందుగా ఆ ట్రాక్‌ని చివరి రెండు నిమిషాలకి జరిపి, అక్కడ చెవికి హాయిగా ఉండేట్టు సౌండ్ పెట్టుకుని, మళ్ళీ మొదటికి రండి. మొదట్లో చిన్నగా వినపడిద్ది, పడనివ్వండి. బస్సులో మాత్రం వద్దు, పొద్దున్నే ఎండ రాకముందు ప్రకాశం బ్యారేజ్ పక్కన ఎక్కడన్నా కూర్చోండి.

ఇక వయొలిన్. మనకి చిన్నప్పట్నుంచీ కచేరీ వయొలిన్ అలవాటు, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారి ఊరు బెజవాడలో ఉన్నాం మరి, వినగానే చెవి రాగం వెతుక్కుంటది. నేనూ వెతికా, వారం వేస్టు. ఇక్కడ చూడాల్సింది ఎడమచేతి గమకం కన్నా కుడిచేతి కమాను. ఎల్లిస్ మొదట్లో గిటార్ పికప్‌ని (తీగల శబ్దాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) రబ్బరు బ్యాండుతో వయొలిన్‌కి కట్టి ఆంప్లిఫయర్‌కి కలిపాడు, దాంతో కమాను కాస్త గట్టిగా నొక్కితే చాలు స్వరం అంచులు చిరుగుతాయి, గరగరమంటది, గీరుడు కూడా వినపడిద్ది. ఒక్క స్వరం పట్టుకుని అది ఎక్కడ శుభ్రంగా ఉంది, ఎక్కడ చిరుగుతుంది అని దాని వెంటే పోండి.

రెండోసారి వినేటప్పుడు వయొలిన్ని వదిలేసి డ్రమ్స్ పట్టుకోండి. జిమ్ వైట్ తాళం వేసినట్టు ఉండడు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు ఉంటాడు, కాలితో లెక్కేస్తే తప్పిపోతారు. గిటార్ గురించి పెద్దగా చెప్పను, అదే వచ్చిద్ది.

మొదటి ట్రాక్ సిరెనాతో మొదలెట్టండి. డీప్ వాటర్స్ 16 నిమిషాల పైనే ఉంటది, మొదటి రోజే దాంట్లో దిగితే విసుగొచ్చి ఆపేస్తారు, దాన్ని ఆదివారం భోజనం అయ్యాక ఫ్యాను కింద పడుకుని వినండి. నిద్ర పట్టినా పర్లేదు, నాకు రెండుసార్లు పట్టింది.