మూసీ మడిలో కాడ్మియం: రిపోర్టు చదివే ముందు, చదివాక

మా ల్యాబు కౌంటరు దగ్గర మట్టి పరీక్ష రిపోర్టు అందుకున్నవాళ్లు ముందు పెద్ద అంకె కోసం వెతుకుతారు. కిలో మట్టిలో జింకు 180 మిల్లీగ్రాములని టెన్షన్, కొంచెమున్నా విషమయ్యే లోహం కాడ్మియం 1.2 అంటే "అంతేనా" అని నవ్వు. నేనైతే ఆ 1.2 దగ్గరే ఆగుతాను.

పీర్జాదిగూడ వైపు మూసీ నీళ్లు పారే పాలకూర మడో, గేదెల కోసం పెంచే పారాగడ్డి పొలమో అనుకోండి. కాల్వ నీళ్లు దిగేచోట, మడి మధ్యలో, చివర్న విడివిడిగా మట్టి తీయండి. లోహాలు బురదతో కలిసొచ్చి మొదట్లోనే ఎక్కువ పేరుకుంటాయి, అన్నీ ఒకే సంచిలో కలిపితే ఆ తేడా పోతుంది. పై 15 సెంటీమీటర్లు చాలు. జింకు పూత ఉన్న తట్టా పారా ముట్టుకోవద్దు, ప్లాస్టిక్ చేతిపార వాడండి.

అసలు మెలిక పోలికలో ఉంది. మూసీ నీళ్లు తగలని, రోడ్డుకూ ఫ్యాక్టరీలకూ దూరంగా ఉన్న అదే రకం నేల నుంచి ఇంకో శాంపిల్ తీయాలి. కాటేదాన్, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల చుట్టుపక్కల మాత్రం వద్దు. చాలామంది ఈ శాంపిల్‌కు బదులు పుస్తకంలో ఉన్న షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) లోహాల సగటు వేసేసుకుంటారు. మనది గ్రానైటు నేల, క్రోమియం, నికెల్ సహజంగానే తక్కువ. షేల్‌తో పోలిస్తే పెరిగిన కాలుష్యం కూడా మామూలుగానే కనిపిస్తుంది.

ఇక లెక్క. మీ అంకెను శుభ్రమైన మట్టి అంకెతో భాగించి, ఆ లోహం విషగుణకంతో (అది ఎంత విషమో చెప్పే అంకెతో) హెచ్చించండి. 1980లో స్వీడన్ శాస్త్రవేత్త హాకన్సన్ ఇచ్చిన గుణకాలివి: పాదరసం 40, కాడ్మియం 30, ఆర్సెనిక్ 10, సీసం 5, క్రోమియం 2, జింకు 1. శుభ్రమైన మట్టిలో జింకు 60, కాడ్మియం 0.3 ఉన్నాయనుకుందాం. జింకుకు 3 వస్తుంది, కాడ్మియానికి 120. 40 లోపైతే తక్కువ ప్రమాదం, 80 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. ఆయన దీన్ని చెరువు అడుగు బురద కోసం తయారుచేశాడు కాబట్టి పొలానికి తుది తీర్పు కాదు, ఏది ముందు చూడాలో చెబుతుందంతే.

మట్టి పీహెచ్ (ఆమ్లగుణం కొలత) కూడా రాయించుకోండి. ఆమ్లగుణం పెరిగేకొద్దీ కాడ్మియం కదిలి ఆకుల్లోకి ఎక్కుతుంది. సీసం ఎక్కువగా మట్టినే పట్టుకుని ఉంటుంది, ఆకు మీదికి దుమ్ముగా వస్తుంది. అందుకే ఆకుకూరను కడిగి ఒకటి, కడగకుండా ఒకటి పరీక్షకివ్వండి.

పక్కనే తాగే బోరు ఉంటే ఆ నీళ్లూ ఇవ్వండి. లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి. ల్యాబు మిషన్ కాడ్మియాన్ని 0.01 కంటే కింద పట్టుకోలేకపోతే "కనబడలేదు" అన్న రిపోర్టుకు విలువ లేదు. ఎంతవరకు పట్టుకోగలదో డబ్బు కట్టే ముందే అడగండి.