ప్రభుత్వ పథకాల మీద ఎస్సే కాంపిటీషన్‌కి రాసేవాళ్ళకి కొన్ని మాటలు

టాపిక్ ఏదిచ్చినా సరే, ఉచితాలు, జీఎస్టీ, నిరుద్యోగం, ఏదైనా, మన పిల్లలు "నేటి ఆధునిక యుగంలో" అనో "భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం" అనో మొదలుపెడతారు. పేపర్లు దిద్దేవాళ్ళకి ఆ లైను కనపడగానే ఆవలింత వస్తుంది. అందుకని మొదటి పేరాలోనే అసలు విషయంలోకి దూకేయండి, ఉపోద్ఘాతం ఎవరూ అడగలేదు.

పోటీలో ఇచ్చే టాపిక్ ఎప్పుడూ చాలా పెద్దగా ఉంటుంది. "ఉచిత పథకాలు వరమా, శాపమా" అంటారు. దీనికి మొత్తంగా జవాబు చెప్పడం ఆర్థిక మంత్రి వల్ల కూడా కాదు, మీరు దాన్ని ఒక్క పథకానికి, ఆ పథకంలో ఒక్క ప్రశ్నకి కుదించుకోవాలి. నన్నడిగితే మీకు రోజూ కనపడే పథకం తీసుకోవడమే మంచిది. ఉదాహరణకి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైంది, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న. అంతకు ముందే ఢిల్లీ 2019లో, తమిళనాడు 2021లో, కర్ణాటక 2023 జూన్‌లో మొదలుపెట్టాయి, అంటే పోల్చి చూడడానికి కూడా బోలెడు సరుకుంది. "ఫ్రీ బస్సు మంచిదా చెడ్డదా" అని కాకుండా "ఫ్రీ బస్సు వచ్చాక మా మండలం ఆడవాళ్ళు పని కోసం ఇంతకు ముందు కంటే దూరం వెళ్తున్నారా" అని పెట్టుకోండి. దీనికి జవాబు మీరు బస్సులోనే వెతుక్కోవచ్చు.

ఒకసారి పల్లెవెలుగు ఎక్కి కండక్టర్‌ని గమనించండి. ఆధార్ చూసి, డబ్బులు తీసుకోకపోయినా మెషిన్‌లో జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. డబ్బులే లేనప్పుడు టికెట్ ఎందుకు మరి? ఎందుకంటే ఆ టికెట్ల లెక్క చూపించే ఆర్టీసీ ప్రభుత్వం నుంచి డబ్బులు అడుగుతుంది. ఫ్రీ అంటే ఖర్చు లేకపోవడం కాదు, బిల్లు ఇంకొకరి పేరు మీదకి పోవడం, ఈ సంగతి ఆ చిన్న కాగితం ముక్కతో మొదలుపెట్టి చెప్పారనుకోండి, మీ వ్యాసం మిగతావాటి కంటే వెంటనే వేరుగా కనపడుతుంది.

ఇక ఎకనామిక్స్ ఎక్కడుంది అంటారా, మొత్తం ఆ బస్సులోనే ఉంది. మధ్యాహ్నం సగం ఖాళీగా పోయే బస్సులో ఇంకో మనిషి ఎక్కితే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు సున్నా. పొద్దున ఎనిమిదింటికి ఫుట్‌బోర్డు మీద వేలాడే బస్సులో ఇంకో పది మంది ఎక్కాలంటే మాత్రం ఇంకో బస్సు కొనాలి, డ్రైవర్‌కి జీతమివ్వాలి, డీజిల్ పోయాలి. ఒకే టికెట్, రెండు వేర్వేరు ఖర్చులు. ఆ డబ్బుతో రోడ్డు వేయొచ్చు, స్కూల్లో టీచర్‌ని పెట్టొచ్చు, ఇలా ఒకదానికి ఖర్చుపెట్టి వదులుకున్న ఇంకోదాన్నే అవకాశ వ్యయం అంటారు. షేర్ ఆటోవాళ్ళ గిరాకీ పడిపోయింది, వాళ్ళు ధర్నాలు కూడా చేశారు, వాళ్ళనీ లెక్కలోకి తీసుకోండి. ఇంకోటి, అసలు బస్సే రాని ఊళ్ళో ఆడవాళ్ళకి ఈ పథకం కాగితం మీదే ఉంటుంది, ఈ పాయింట్ చాలామంది మర్చిపోతారు.

అవతలి వాదన రాసేటప్పుడు బలహీనమైనది తీసుకుని ఓడించడం చేయకండి, జడ్జికి ఇట్టే తెలిసిపోతుంది. గట్టిది తీసుకోండి. "డబ్బున్న ఆడమనిషికి ఫ్రీ ఎందుకు, పేద మగాడికి ఎందుకు లేదు?" న్యాయమైన ప్రశ్నే కదా. పేదవాళ్ళకే ఇవ్వాలంటే ఆదాయం సర్టిఫికెట్ కావాలి, దానికోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలి, అర్హులు మిస్సవుతారు, అనర్హులు దూరతారు, తెల్ల రేషన్ కార్డుల విషయంలో దశాబ్దాలుగా మనం చూస్తున్నదే ఇది. అందరికీ ఇస్తే ఖర్చెక్కువ, ఏరి ఇస్తే తప్పులెక్కువ. ఏది తక్కువ నష్టమో మీరు తేల్చి ఒక వైపు నిలబడాలి. "రెండూ ఉన్నాయి" అని తప్పించుకుంటే బహుమతి రాదు.

అంకెల దగ్గర ఒక పెద్ద గొయ్యి ఉంది. బడ్జెట్‌లో కేటాయించింది వేరు, ఖర్చయింది వేరు. బడ్జెట్ పుస్తకం తెరిస్తే రాబోయే ఏడాదికి బడ్జెట్ అంచనాలు, నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనాలు, అంతకు ముందు ఏడాదికి అసలు లెక్కలు ఉంటాయి. అంటే 2025-26 పుస్తకంలో నిజంగా ఖర్చయిన లెక్క 2023-24దే. పేపర్లో హెడ్‌లైన్ చూసి "ఇన్ని వేల కోట్లు ఖర్చు చేశారు" అని రాసేస్తే అక్కడే దొరికిపోతారు. రాష్ట్రాల సోషియో ఎకనామిక్ నివేదికలు, ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ రిపోర్టులు, రాష్ట్రాల బడ్జెట్ల మీద ఆర్‌బీఐ ఏటా ఇచ్చే రిపోర్టు, ఇవన్నీ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు వద్దు, ఏఐ ఇచ్చిన అంకెని కూడా అసలు పుస్తకంలో చూశాకే వాడండి.

చరిత్ర నుంచి ఒక ఉదాహరణ పడితే బరువొస్తుంది, కొటేషన్ల కంటే అదే నయం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, 1995లో ఎన్టీఆర్ మద్య నిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఖజానాకి ఆదాయం పోయింది, పక్క రాష్ట్రాల నుంచి సరుకు దొంగతనంగా వచ్చింది. ఉద్దేశం మంచిదైనా అమలు, ఆదాయం రెండూ చూసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

పార్టీల జోలికి మాత్రం పోవద్దు. ఏ ప్రభుత్వం ఏం చేసిందో చెప్పండి, పొగడ్తా తిట్లూ వద్దు, జడ్జి ఏ పార్టీనో మీకేం తెలుసు.

చివర్లో "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" అని రాయకండి. ఏ శాఖ, ఏ పని, డబ్బు ఎక్కణ్ణుంచి, ఈ మూడూ రాయండి, చిన్నదైనా పర్లేదు, "పొద్దున రద్దీ టైంలో ఈ రూట్‌కి అదనంగా ఒక ట్రిప్పు" అన్నా చాలు. హాల్లో కూర్చుని రాసే పోటీ అయితే మొదటి పది నిమిషాలు ప్లాన్‌కి వాడండి, ఇంటి నుంచి పంపేదైతే పదాల లిమిట్ దాటకండి, కొన్నిచోట్ల లోపలి పేజీల్లో పేరుగానీ కాలేజీగానీ కనపడితే పక్కన పెట్టేస్తారు, రూల్స్ ఒకసారి చదువుకునే పంపండి.