గోదావరి డెల్టాలో హాబీ రాకెట్‌ను జీపీఎస్ ట్రాకర్‌తో వెతికి పట్టుకోవడం ఎలా?

మండపేట, రామచంద్రపురం వైపు కోత అయిపోయిన చేలో నిలబడితే కనుచూపు మేర అంతా బల్లపరుపే. ఇంత చదునులో పడిన రాకెట్ ఎక్కడికి పోతుందిలే అనిపిస్తుంది. తీరా పడ్డాక గానీ సంగతి తెలియదు. గట్టు పక్కన బోదెలోకి జారితే పదడుగుల దూరం నుంచి కూడా కనపడదు. కొబ్బరి మొవ్వులో చిక్కితే కింద నిలబడి ఎంత చూసినా తెలియదు. ఇక చెరువులో పడితే సరేసరి. 300 మీటర్ల ఎత్తు నుంచి పారాచూట్‌తో సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగే రాకెట్ నేల తాకడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో అంతే వేగంతో గాలి వీస్తే 300 మీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరంలో ఎన్ని గట్లు, ఎన్ని కాలువలు!

ట్రాకర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఉపగ్రహాల నుంచి తన స్థానం తెలుసుకునే జీపీఎస్ మాడ్యూల్ ఒకటి, ఆ స్థానాన్ని కిందికి పంపే రేడియో ఒకటి, బ్యాటరీ ఒకటి. అయితే ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి. గాల్లో ఉన్నంతసేపు కిలోమీటర్ల దూరం వినిపించే ఈ రేడియో, నేల మీద పడ్డాక కొన్ని వందల మీటర్లకే వినపడకుండా పోతుంది. గట్టు, తడి నేల, కొబ్బరి తోట అన్నీ అడ్డమే. అందుకని ట్రాకర్ అసలు పని రాకెట్ దిగాక కాదు, దిగే ఆ ఒక్క నిమిషంలోనే. కింద చెప్పే ప్రతి ఏర్పాటూ ఆ నిమిషం కోసమే.

ముందు బ్యాండ్, తర్వాతే బోర్డు

వీడియోలు చూసి అమెరికా ట్రాకర్ తెప్పించుకోకండి. అక్కడి హాబీ ట్రాకర్లు చాలావరకు 902–928 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన దేశంలో అది లైసెన్సు లేకుండా వాడే బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) కాదు, పైగా అందులో కొంత మొబైల్ కంపెనీలది. మనకు లైసెన్సు అక్కర్లేనిది 865–868 మెగాహెర్ట్జ్. అందులో ట్రాన్స్‌మిటర్ పవర్ ఒక వాట్ దాటకూడదు. మన పనికి అందులో పదో వంతు చాలు. బజారులో దొరికే 433 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు చవకే గానీ, లైసెన్సు లేకుండా వాటికి అనుమతించే పవర్ మరీ తక్కువ. హామ్ (అభిరుచిగా రేడియో నడిపేవాళ్ల) లైసెన్సు ఉన్నవాళ్లకు ఇంకా దారులున్నాయి, వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

కొత్తవాళ్లకు తేలికైనది లోరా రేడియో, తక్కువ పవర్‌తో చిన్న సందేశాలను ఎక్కువ దూరం పంపే రకం. టీ-బీమ్ లాంటి బోర్డులో ప్రాసెసర్, లోరా, జీపీఎస్ మూడూ కలిసే వస్తాయి. 868 అని రాసి ఉన్న రకం తీసుకుని, ప్రోగ్రాంలో ఫ్రీక్వెన్సీ 866కి మార్చుకోండి. రెండు బోర్డులు కావాలి, ఒకటి రాకెట్‌లోకి, ఒకటి చేతిలోకి. బరువు మాత్రం చూసుకోండి. ఒక్క 18650 సెల్లే (రీఛార్జ్ చేసుకునే లిథియం సెల్) దాదాపు 45 గ్రాములుంటుంది. చిన్న రాకెట్‌కి అది భారం కాబట్టి విడి మాడ్యూళ్లు, చిన్న లిథియం పాలిమర్ బ్యాటరీ మేలు. బరువు మారాక పారాచూట్ సరిపోతుందో లేదో మళ్లీ లెక్క వేయాలి. యాంటెన్నా బిగించకుండా ట్రాన్స్‌మిటర్ ఎప్పుడూ ఆన్ చేయకండి, చిప్ కాలిపోవచ్చు.

జీపీఎస్‌ను ఎగరడానికి సిద్ధం చేయండి

యూబ్లాక్స్ కంపెనీ జీపీఎస్ మాడ్యూళ్లు మామూలుగా నడిచే మనిషికీ, కారుకీ సరిపోయే మోడ్‌లో వస్తాయి. వాటిలో ‘ఎయిర్‌బోర్న్ 4జీ’ అనే మోడ్ (ఈ 4జీ మొబైల్‌ది కాదు, గురుత్వానికి నాలుగు రెట్ల త్వరణం) ఉంటుంది, దాన్ని పెట్టండి. చాలా చవక మాడ్యూళ్లు పవర్ తీయగానే మర్చిపోతాయి కాబట్టి ఆన్ అయిన ప్రతిసారీ ఆ ఆదేశం పంపేలా ప్రోగ్రాం రాయాలి. ఇంత చేసినా మోటార్ మండుతున్నప్పటి కుదుపుకి జీపీఎస్ లాక్ (ఉపగ్రహాల మీద పట్టు) పోవచ్చు. టెన్షన్ పడకండి, పారాచూట్ విచ్చుకున్నాక సాధారణంగా తిరిగి వస్తుంది. ఈ కారణంగానే పారాచూట్ తెరిచే పని జీపీఎస్‌కి అప్పగించకూడదు. అది గాలి పీడనంతో ఎత్తు కొలిచే ఆల్టిమీటర్ పని.

ప్యాకెట్, అంటే ట్రాకర్ ఒక్కసారి పంపే సందేశం, పొట్టిగా ఉండాలి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఉపగ్రహాల సంఖ్య, బ్యాటరీ ఓల్టేజీ ఉంటే చాలు. లోరాలో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సందేశాన్ని ఎంత నెమ్మదిగా పంపాలో చెప్పే అంకె) 12 పెడితే దూరం బాగా వస్తుందని చాలామంది చెబుతారు. నిజమే, కానీ 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో 20 బైట్ల ప్యాకెట్ వెళ్లడానికి సెకను పైనే పడుతుంది. 7 పెడితే సెకనులో పదహారో వంతు కూడా పట్టదు. దిగే నిమిషంలో ఎన్ని ప్యాకెట్లు అందితే అంత మంచిది కాబట్టి 7 లేదా 8 పెట్టి, సెకనుకు ఒకటి పంపండి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. జీపీఎస్ ఇచ్చే ఎన్‌ఎమ్‌ఈఏ (జీపీఎస్‌లు డేటా ఇచ్చే ప్రామాణిక రూపం) వాక్యంలో 1634.72 అని ఉంటే అది 16 డిగ్రీల 34.72 నిమిషాలు, అంటే 16.5787 డిగ్రీలు. దాన్ని 16.3472 అని చదివితే అమలాపురం దగ్గర పడిన రాకెట్ పాతిక కిలోమీటర్ల దక్షిణాన బంగాళాఖాతంలో కనిపిస్తుంది. రెండోది ఎత్తు. సముద్ర మట్టం నుంచి ఎత్తు ఒకటి, భూమి గణిత నమూనా నుంచి ఎత్తు మరొకటి ఉంటాయి. మన తీరంలో రెండోది తీసుకుంటే నేల మీద నిలబడ్డా కొన్ని పదుల మీటర్లు మైనస్‌లో చూపిస్తుంది. మాడ్యూల్ చెడిపోయిందని విసిరికొట్టకండి. ఏ ఎత్తు తీసుకున్నా, లాంచ్ ప్యాడ్ దగ్గర చూపించే అంకెను రాసిపెట్టుకుని దాని నుంచి తేడా చూడండి.

రాకెట్‌లో ఎక్కడ పెట్టాలి

నోస్‌కోన్‌లో, అంటే రాకెట్ ముక్కు భాగంలో. అట్ట, ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్ గుండా రేడియో వెళుతుంది. కార్బన్ ఫైబర్, లోహం, లోహపు పొడి కలిసిన పెయింటు గుండా వెళ్లదు. ఇనుప రాడ్లకూ ఆల్టిమీటర్ వైర్లకూ దూరంగా ఉంచండి. 866 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం యాంటెన్నా ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తీగ. అది రాకెట్ పొడవునే నిటారుగా ఉండాలి, మడత పడకూడదు.

డెల్టాలో అదనంగా చేయాల్సింది నీటి ఏర్పాటు. బోర్డును గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో సీల్ చేయండి. నోస్‌కోన్ తేలేలా లోపల థర్మోకోల్ గానీ ఫోమ్ గానీ నింపండి. మునిగిన యాంటెన్నా నుంచి మీదాకా ఏదీ రాదనే అనుకోండి. బజర్ ఒకటి పెట్టండి, నిజానికి ఆఖరి పాతిక మీటర్లలో రేడియో కంటే అదే నయం. రాకెట్ ఒంటి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఫోన్ నంబరు, ‘విద్యార్థి రాకెట్, దొరికితే ఫోన్ చేయండి, విప్పకండి’ అని రాయండి. పారాచూట్ తెరిచే మందు పేలకుండా మిగిలి ఉంటే విప్పినవాళ్ల చేతులకు ప్రమాదం.

ఎగరేసే ముందు దాచి వెతకండి

ఒకరు ట్రాకర్ పట్టుకెళ్లి దాచాలి, ఇంకొకరు వెతకాలి. గట్టు మీద, గట్టు పక్కన బోదెలో, గడ్డిమేటు వెనక, కొబ్బరి తోట మధ్యలో. ఒక్కో చోట ఎంత దూరం నుంచి ప్యాకెట్ అందిందో రాసుకోండి. తర్వాత అదే పరీక్ష ఏటిగట్టు మీద నిలబడి చేయండి. చేల కంటే ఎత్తుగా ఉండే ఏటిగట్టు, ఊళ్లో ఏ డాబా అయినా, రిసీవర్‌కి ఇచ్చే లాభం ఖరీదైన యాంటెన్నా కూడా ఇవ్వదు. ఇంటి ఓనరు ఒప్పుకుంటే రెండో రిసీవర్‌తో ఒకరిని డాబా ఎక్కించండి. రాకెట్ దిగుతుండగా ప్యాడ్ దగ్గర ఉన్నవాళ్లకు వినపడని చివరి ప్యాకెట్ వాళ్లకు వినపడుతుంది.

రోజు, చోటు

దాళ్వా కోతలై, కాలువలు కట్టేసిన ఏప్రిల్ చివర, మే నెలలు మంచి కాలం. పచ్చి చేలో దిగి తొక్కే అవసరం ఉండదు. ఎండు గడ్డి మాత్రం నిప్పు కోసం ఎదురు చూస్తుంటుంది. ప్యాడ్ చుట్టూ గడ్డి తీసేసి తడపండి, నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టండి. పొద్దున్నే ఎగరేయండి. ఎండ ముదిరాక సముద్రపు గాలి లేస్తుంది. రెండు మూడు పంటలు తీసే చోట్ల కోత తర్వాత మినుములుంటాయి, చూసుకోండి.

శాటిలైట్ మ్యాప్‌ను పూర్తిగా నమ్మకండి. భీమవరం, ఆకివీడు వైపు నిన్నటి వరిచేను ఇవాళ చెరువై ఉంటుంది. ముందురోజు బండి మీద ఒక చుట్టు చుట్టి రండి, ఫోన్‌లో మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌గా దించుకోండి. పొలం యజమాని అనుమతి, పోలీసులకూ రెవెన్యూ అధికారులకూ ముందస్తు సమాచారం, మధురపూడి (రాజమండ్రి) విమానాశ్రయానికి దూరం, ఇవేవీ వదలకూడదు. మోటార్ కోసం ఇంట్లో మందు కూరడం పేలుడు పదార్థాల చట్టం కిందికొచ్చే పని, ప్రాణాల మీదికొచ్చే పని కూడా. కాలేజీ పిల్లలైతే ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని చూసే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పెట్టే మోడల్ రాకెట్రీ, క్యాన్‌శాట్ (డబ్బా సైజు ఉపగ్రహ నమూనా) పోటీల దారిలో వెళ్లడం మేలు. నీటి రాకెట్‌తో కూడా ట్రాకర్ వాడకం నేర్చుకోవచ్చు.

ప్యాడ్ మీద ఆన్ చేసి ఆకాశం కనపడేలా ఐదు నిమిషాలు వదిలేయండి. కనీసం ఏడెనిమిది ఉపగ్రహాలు దొరికి, స్థానం కదలకుండా ఉన్నాకే బటన్.

చివరి ప్యాకెట్ నుంచి నేల దాకా

ఈ లెక్క వచ్చినవాడికి వెతుకులాట సగం అయిపోయినట్టే. చివరి ప్యాకెట్‌లో ఎత్తు ప్యాడ్ నుంచి 60 మీటర్లు అనుకుందాం. పది సెకన్ల ముందరి ప్యాకెట్‌లో 110 మీటర్లు. అంటే సెకనుకు 5 మీటర్లు దిగుతోంది, ఇంకా 12 సెకన్లు ఉంది. ఆ పది సెకన్లలో రేఖాంశం 0.0004 డిగ్రీలు తగ్గింది. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కిలోమీటర్లు కాబట్టి అది 43 మీటర్లు పడమరకి. మిగిలిన 12 సెకన్లకి ఇంకో 51 మీటర్లు. చివరి చుక్క నుంచి 50 మీటర్లు పడమరకి పిన్ను పెట్టి అక్కడికి నడవండి. అక్షాంశం కూడా మారుతుంటే దానికీ ఇదే లెక్క, డిగ్రీకి 111 కిలోమీటర్లు. నేల దగ్గర గాలి కాస్త మందగిస్తుంది కాబట్టి రాకెట్ ఆ రెండు చుక్కల మధ్యలోనే దొరికే అవకాశం ఎక్కువ.

రాకెట్ దిగగానే అందరూ పరుగెత్తకండి. చివరి ప్యాకెట్‌ను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టుకోండి, ఒకరు డాబా మీదే ఉండి వింటూ ఉండాలి. దగ్గరికెళ్లాక రిసీవర్‌ను తల మీదికెత్తి మెల్లగా నడవండి. ఒక్క ప్యాకెట్ అందినా చాలు, అందులో స్థానం ఉంటుంది. ఏమీ అందకపోతే రేడియో ఆపి బజర్ వినండి.

చెరువులో పడిందా, దిగకండి. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లకు కరెంటు ఉంటుంది. పైగా వైట్ స్పాట్ లాంటి జబ్బులు సోకుతాయన్న భయంతో రైతులు బయటి కాళ్లను, బయటి వలలను చెరువులోకి రానివ్వరు. అది వాళ్ల లక్షల పెట్టుబడి. ‘బాబాయ్, మా రాకెట్ మీ చెరువులో పడిందండి, మీ మనిషితో తీయిస్తారా?’ అని అడిగితే చాలావరకు వాళ్ల పడవలోనే వెళ్లి తెచ్చిస్తారు. కొబ్బరి చెట్టు ఎక్కే సాహసాలు వద్దు, దింపు కార్మికుల్ని పిలిచి కూలి ఇవ్వండి. కరెంటు తీగల మీద పడితే విద్యుత్ శాఖవాళ్లు వచ్చేదాకా కింద నిలబడకండి.

దొరికాక మొదట స్విచ్ ఆపండి. ఉప్పునీటిలో తడిసిన బోర్డును వెంటనే మంచినీళ్లతో కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి అప్పుడే పవర్ ఇవ్వండి. ఉప్పునీళ్లు తాగిన లిథియం బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జింగ్‌కి పెట్టొద్దు.