చెదల పాఠాలు – 4: రంధ్రాలు వేసే ముందు, వేసేటప్పుడు

మూడో పాఠంలో గోడ మీది మట్టి గొట్టాన్ని వేలెడంత చిదిపి, మూడు రోజులు ఆగి చూడమన్నాను. చాలామంది వేలెడంత దగ్గర ఆగలేదు. గొట్టాలన్నీ చీపురుతో ఊడ్చేసి, తడిగుడ్డతో తుడిచి, పైన కిరసనాయిలు కొట్టి, "చెద పోయిందండీ" అని రాశారు. రెండు మూడు వారాలకి వాళ్ళ దగ్గర నుంచే రెండో ఉత్తరం వచ్చింది. పాలకొల్లు నుంచి రాసినావిడ ఇంట్లో హాలు గోడ శుభ్రంగానే ఉంది. పక్క గదిలో చెక్క బీరువా వెనక పలక మాత్రం పోయింది, అడుగు అరలో చీరల అట్టపెట్టెలు మట్టిముద్దలయ్యాయి. కరీంనగర్ ఆయన ఇంట్లో చెద గోడ వదిలి దర్వాజా చౌకట్టులోకి దిగింది.

ఎందుకు చిదపమన్నానో అప్పుడే విడమరిచి చెప్పి ఉండాల్సింది. ఆ లోటు నాదే. అందుకే గచ్చు కింది మట్టిలోకి మందు పోయడానికి రంధ్రాలు వేసేందుకు డ్రిల్ పట్టే ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

గోడ మీద కనిపించేది చెద ఇల్లు కాదు, దారి. పుట్ట నేలలో ఉంటుంది, రాణి అక్కడే ఉంటుంది. మన ఇంట్లోకి వచ్చేవి కూలి చెదలు. వాటికి కళ్ళుండవు, ఒంటి తోలు పల్చన, గాలి తగిలితే ఎండిపోతాయి. అందుకే మట్టినీ ఉమ్మినీ కలిపి గొట్టం కట్టుకుని, నేల తడిని వెంట తెచ్చుకుంటూ దాని లోపలే తిరుగుతాయి. గొట్టం చిదిపినప్పుడు ముందుగా పెద్ద తలల సిపాయి చెదలు కంత దగ్గరికి వచ్చి నిలబడతాయి, వెనకనుంచి కూలీలు మట్టి పెట్టి పూడుస్తాయి. ఆ పూడ్చడం చూడమనే మీకు చెప్పాను. పూడిస్తే దారి నడుస్తున్నట్టు. వారమైనా పూడ్చకపోతే అది పాత గొట్టమైనా కావాలి, లేదా అవి ఇంకో దారి పట్టి ఉండాలి.

ఇప్పుడు కిరసనాయిలు సంగతి. కొట్టిన చోట ఉన్న వంద చస్తాయి. మిగతావి ఆ ఘాటుకి వెనక్కి తగ్గుతాయి. నూనె నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. ఈలోగా నేలలో ఉన్న గుంపు ఆకలితో ఊరుకోదు. గచ్చులో ఒక్క మిల్లీమీటరు పగులున్నా చాలు, ఇంకోచోట లేస్తుంది. ఆ ఇంకోచోటు మీకు కనబడే చోటు అయ్యే అవకాశం తక్కువ. బీరువా వెనకో, మెట్ల కిందో, వంటగట్టు అరల్లోనో అవుతుంది. బొద్దింకల స్ప్రే కొట్టినా ఇదే జరుగుతుంది. వాడేసిన ఇంజను ఆయిలు పూసినా ఇదే. సున్నం వేసినా ఇదే. చెద ఎక్కడినుంచి వస్తోందో చూపించే ఒక్క ఆనవాలునీ మన చేత్తో మనమే చెరిపేసుకుని, ఇల్లంతా వెతుక్కోవలసి వస్తుంది. గొట్టం దొరకడం మన అదృష్టం. దయచేసి తుడవకండి.

ఇంకొందరు సోఫా కింద తెల్లటి పిండి రాలుతోందని రాశారు. గోధుమపిండిలా మెత్తగా ఉండి, చెక్కకి గుండుసూది తలంత కంతలుంటే అది పుచ్చు పురుగు పని. పొడి గసగసాల్లా గింజలు గింజలుగా ఉంటే పొడి చెక్కలోనే కాపురముండే చెద. ఈ రెండిటికీ నేలతో పని లేదు, ఈ పాఠం వాటికి పనికిరాదు. మన చెద పిండి రాల్చదు, మట్టి పెడుతుంది.

ఇక రంధ్రాలు. డ్రిల్ వాడటం మీకు వచ్చుననుకుని రాస్తున్నాను. మేడ మీద ఉండేవాళ్ళు మాత్రం స్లాబుకి రంధ్రం వేయకండి, మట్టి అక్కడ లేదు. మూడో అంతస్తుకి చెద ఎలా వచ్చిందని బెంగళూరు నుంచి అడిగినవారు ముందు పైపులు వెళ్ళే సందు చూడండి.

కింది ఇంట్లో గోడా గచ్చూ కలిసే మూల వెంట 30 సెంటీమీటర్లకి ఒకటి, 12 మిల్లీమీటర్ల బిట్టుతో వేయాలి. ఇది భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉన్న కొలతే. గచ్చు దాటి మట్టి తగిలేదాకా దించండి. బిట్టు కొసకి మట్టి అంటుకొస్తే చేరినట్టు. ఒక్కో రంధ్రంలో మందు ఇంకినంతా పోయాలి, లీటరు దాటకూడదు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది చుట్టుకొలత 44 అడుగులు. గుమ్మం మూడడుగులు తీసేస్తే రమారమి 41 రంధ్రాలు, మహా అయితే 41 లీటర్లు.

మందు విషయంలో నా మొగ్గు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతానికి. లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, అంటే ఈ గదికి 86 మిల్లీలీటర్లు. దీనికి వాసన లేదు, చెద పసిగట్టక దాని మీదుగానే నడుస్తుంది, వెంటనే చావదు. చెదలు ఒకదాని నోటినుంచి ఇంకోదానికి మేత అందించుకుంటాయి, ఒళ్ళు నాకుకుంటాయి. మందు అలా గుంపులోకి పాకుతుంది. క్లోర్‌పైరిఫాస్ 20 ఇ.సి. (నీళ్ళలో కలిపితే పాలలా మారే 20 శాతం మందు) అయితే ఒక లీటరుకి 19 లీటర్ల నీళ్ళు. అదీ పనిచేస్తుంది, కానీ ఘాటు. పడుకునే గదుల్లో నేను వాడను. ఎక్కువ కలిపితే ఎక్కువ పనిచేస్తుందనుకోకండి. ఇమిడాక్లోప్రిడ్ చిక్కగా పోస్తే చెద గుంపు దాకా వెళ్ళకుండా అక్కడే చస్తుంది. సీసా మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. పాత దుకాణాల్లో ఆల్డ్రిన్ పేరు చెబితే కొనకండి, అది మన దేశంలో నిషిద్ధం.

పోయడానికి నేను సన్నటి మూతి ఉన్న సాసు సీసా వాడతాను, గరాటు జారిపోతుంది. ఆ సీసా మీద ఎర్ర రంగు పూసి తాళం వేసిన చోట పెట్టండి, మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. చేతి తొడుగులు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు. నుయ్యి గానీ బోరు గానీ ఉన్న వైపు గోడ జోలికి మీరు వెళ్ళకండి, లైసెన్సున్న వాళ్ళని పిలవండి. చేపల చెరువు పక్కనున్నా అంతే. మందు పూర్తిగా ఇంకాక తెల్ల సిమెంటుతో పూడ్చండి.

చౌకట్టుకి వేసే ఏటవాలు రంధ్రాలు వచ్చే పాఠంలో. అప్పటిదాకా స్క్రూడ్రైవరు పిడితో చౌకట్టు అడుగు భాగం తట్టి, డొల్లగా మోగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. టేకు కదా అని వదిలేయకండి. టేకులో చేవని చెద సులువుగా ముట్టదు గానీ, చుట్టూ ఉన్న తెల్ల చెక్కని తినేస్తుంది.

అభ్యాసం: 21 రోజులు. ఇంటి పటం కాగితం మీద గీయండి, ప్రతి గదీ, ప్రతి గుమ్మమూ, నీటి పైపులు, గోడలో కరెంటు పైపులతో సహా. కదిలే సామానంతా గోడకి జానెడు దూరం జరపండి. కనిపించిన ప్రతి గొట్టానికీ ఒక అంకె ఇచ్చి, పక్కనే పెన్సిలుతో తేదీ వేసి, వేలెడంత చిదపండి. రోజూ పొద్దున్నే టార్చితో చూసి, పూడ్చిందా లేదా పటంలో రాయండి. తొలకరి పడి ఉసిళ్ళు, అంటే రెక్కల చెదలు, లేస్తే, కిటికీ గట్టు మీద రాలిన రెక్కలు ఏ గదిలో ఎక్కువున్నాయో అదీ రాయండి. ఇరవై రెండో రోజున, పూడ్చిన అంకెలున్న గోడ దగ్గర మొదలుపెట్టి ఆ గది చుట్టూ రంధ్రాలు వేయండి. ఇప్పటికే అన్నీ తుడిచేసినవాళ్ళు రోజులు లెక్కపెట్టడం కొత్త గొట్టం కనిపించిన నాటినుంచి మొదలుపెట్టండి.