బడికి పంపే ముందు మాస్కుతో రిహార్సల్

కరోనాతో మూతపడ్డ బడుల్ని 2021లో ఆంధ్రలో ఆగస్టు 16నే తెరిచారు, తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి తెరిచారు. అలాంటి రోజుల్లో పిల్లల్ని పంపాలా వద్దా అన్నది ఎవరింటి లెక్క వాళ్లది. ఇంట్లో షుగరో ఆయాసమో ఉన్న పెద్దవాళ్లుంటే ఆ లెక్క ఇంకా వేరు. పంపేవాళ్లకు మాత్రం ఒక్క మాట.

క్లాసులో కంటే అన్నాల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. అందరి మాస్కులూ ఒకేసారి ఊడేది అప్పుడే, కబుర్లు మొదలయ్యేదీ అప్పుడే. తీసిన మాస్కు బెంచీ మీద పడేస్తారు, లేదా గడ్డం కిందికి లాగుతారు. అందుకే ఇప్పట్నుంచే ఇంట్లో అలవాటు చేయండి. హోంవర్క్ చేసేటప్పుడు కాసేపు మాస్కు పెట్టించండి. తినే ముందు చెవి తాళ్లు పట్టుకుని తీయాలి, కాగితం కవర్లో వేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ప్లాస్టిక్ కవరైతే తడి ఆరదు. తిన్నాక ఉతికిన రెండో మాస్కు. దానిమీద పేరు రాయండి, లేకపోతే పక్కవాడిది పెట్టుకొస్తారు!

బాక్సులో అన్నం, పప్పు, కూర విడివిడిగా సర్దకండి. పులిహోరో దద్దోజనమో, చెంచాతో చకచకా అయిపోయేది పెట్టండి. పంచుకోవద్దంటే వింటారా, ఆవకాయ వాసన వస్తే ఎవరాగుతారు? కనీసం ఎవరి చెంచా వాళ్లదైతే కొంత నయం.

సాయంత్రం నానమ్మ, తాతయ్యలతో కూర్చునే గదిలో కిటికీలు తీసి ఉంచండి. ఒళ్లు వెచ్చగా ఉన్నా, గొంతు గరగరలాడినా ఆ రోజు బడి మానిపించి, టీచర్‌గారికి ఫోన్ చేసి చెప్పండి.