పరుగు, గెంతుల శిక్షణకు ముందు కుక్క హాక్ కీలుపై తీసుకోవలసిన జాగ్రత్తలు

కుక్కకు పరుగు, గెంతుల శిక్షణ మొదలుపెట్టే ముందు దాని గోళ్లు, పాదాలు చూసేవారు కూడా వెనుక కాలిలో వెనక్కి పొడుచుకు వచ్చినట్టు కనిపించే హాక్ కీలును తరచుగా పట్టించుకోరు. మనిషికి చీలమండ ఎలాంటిదో కుక్కకు ఇది అలాంటిది. నేలను తన్ని పైకి లేచేటప్పుడు పిక్క కండరాల బలం అకిలిస్ టెండన్ ద్వారా ఇక్కడి మడమ ఎముకకే చేరుతుంది కనుక, నడకలో బయటపడని చిన్న లోపం కఠిన శిక్షణలో పెద్ద గాయం కావచ్చు.

ముందుగా కుక్కను జారని చదునైన నేల మీద నిలబెట్టి వెనుక నుంచి చూడండి. రెండు మడమ మొనలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక మడమ కిందికి దిగి, ఆ పాదం వేళ్లు మాత్రం గట్టిగా ముడుచుకుని నేలను పట్టుకున్నట్టు కనిపిస్తే, అకిలిస్ టెండన్ కొంత తెగిందని అనుమానించి శిక్షణ మాట పక్కనపెట్టాలి. మడమ ఎముకకు ముందు ఇరుపక్కలా సహజంగా ఉండే పల్లం నిండి మెత్తగా తగిలితే కీలులో నీరు చేరి ఉండవచ్చు. రెండు హాక్‌లూ ఒకేసారి వాచి జ్వరం కూడా ఉంటే అది దెబ్బ కాకపోవచ్చు. ఇన్ఫెక్షన్ వల్ల గానీ, రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ల మీదే దాడి చేయడం వల్ల గానీ వచ్చే కీళ్లవాపు కావచ్చు కనుక రక్తపరీక్షలు అవసరమవుతాయి.

లాబ్రడార్, రాట్‌వీలర్ వంటి పెద్ద జాతుల పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఎదిగే వయసులో కీలులోని మృదులాస్థి ఎముక నుంచి పొరలా విడిపోయే ఆస్టియోకాండ్రోసిస్ వ్యాధిలో, పిల్ల హాక్‌ను మామూలుకన్నా నిటారుగా చాపి నడుస్తుంది. ఎక్స్‌రే లేదా సీటీ స్కాన్‌తో దీన్ని నిర్ధారించి, అవసరమైతే ఆ పొరను తొలగిస్తారు. అయినా తర్వాత కీలు అరిగే అవకాశం ఉంటుందని యజమాని ముందే తెలుసుకోవడం మంచిది. ఎముకల ఎదుగుదల పూర్తయ్యే వరకు, అంటే పెద్ద జాతుల్లో సుమారు 12 నుంచి 18 నెలల వరకు, ఎత్తు గెంతులు వద్దు. సమతులాహారం తింటున్న పిల్లకు బలం కోసమని అదనంగా కాల్షియం ఇవ్వడం మేలు కన్నా కీడే చేస్తుంది.

షెట్‌లాండ్ షీప్‌డాగ్, కోలీ జాతుల్లో పెద్ద దెబ్బ ఏదీ తగలకుండానే కీలు వెనుక లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి కణజాలం) క్రమంగా బలహీనపడి హాక్ కుంగిపోవచ్చు. దీనికి కట్టు మాత్రమే సరిపోదు. సాధారణంగా దెబ్బతిన్న కీలులోని ఎముకలను ప్లేటుతో కలిపి బిగించే శస్త్రచికిత్స చేస్తారు. పూర్తిగా తెగిన అకిలిస్ టెండన్‌ను కుట్టి, కీలు కదలకుండా చాలా వారాలు స్ప్లింట్‌లో ఉంచుతారు. ఆ వారాల్లో బయటకు కనిపించే వేళ్లను రోజూ చూడాలి: అవి వాచినా, చల్లబడినా, కట్టు తడిసినా, దుర్వాసన వచ్చినా అదే రోజు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

సాధారణ బెణుకుకు విశ్రాంతి, మెడతాడు పట్టుకుని పొట్టి నడకలు, వైద్యుడు రాసిన మందు చాలాసార్లు సరిపోతాయి. అరిగిన కీలుకు వీటితోపాటు బరువు తగ్గించడం ఎంతో మేలు చేస్తుంది. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ మాత్రలు మాత్రం దయచేసి ఇవ్వకండి. అవి కుక్క కడుపును, మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తాయి.

కోలుకున్న కుక్కను మొదట మెడతాడుతో నడిపించి, తర్వాత నెమ్మది పరుగుకు, ఆ తర్వాత వాలు నేలకు, చివరికి గెంతులకు తీసుకురావాలి. మర్నాడు ఉదయం లేవగానే కాలు బిగుసుకున్నట్టు నడిస్తే ముందటి దశకు వెనక్కి వెళ్లాలి. అయినా కుంటు తగ్గకపోతే కీలును మళ్లీ పరీక్ష చేయించాలి.