పనికి పోతున్న పిల్లల్ని బడిలో చేర్చి, నిలబెట్టడం ఎలా?

పిల్లవాణ్ణి పనిలోంచి బయటికి తేవడం ఒక పూటలో అయిపోతుంది. మూడు నెలలు గడిచాక కూడా బడిలోనే ఉండేలా చూడటం కష్టం. బడిలో చోటు, వెనకబడిన చదువుకు ఏర్పాటు, ఇంట్లో తగ్గే కూలి డబ్బుకు ఏదో ఒక ఆసరా ముందే చూసుకోకుండా పని మాన్పిస్తే, ఆ బిడ్డ నెల తిరక్కుండానే పక్క ఊళ్లో మరో పనిలో తేలతాడు. కింది వరుస అందుకే. అయితే కొట్టడం, తాళం వేసి ఉంచడం, యంత్రాల దగ్గరో పురుగుమందుల దగ్గరో పని చేయించడం కంటపడితే ఏర్పాట్ల కోసం ఆగకూడదు. వెంటనే పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది.

1. పేర్లు రాసుకోండి

బడి రిజిస్టరు ఒక్కదాన్నే నమ్మొద్దు. పేరు రిజిస్టర్లో ఉంటుంది, పిల్ల పత్తి చేలో ఉంటుంది. హాజరు పట్టీనీ అంగన్‌వాడీ సర్వే పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఇంటింటికీ తిరగండి. వయసు, చివరగా చదివిన తరగతి, ఎక్కడ పని, పనిలో పెట్టిందెవరు, అడ్వాన్సు తీసుకున్నారా అన్నవి రాసుకోండి. "మీవాడు పనికి పోతున్నాడా?" అంటే లేదనే చెబుతారు. "నిన్న బడికి పోయాడా? మొన్న?" అని అడగండి. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కగట్టింది. అదే సరైన లెక్క. తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంట్లో ఉండిపోయే పదేళ్ల ఆడపిల్ల ఇంకే లెక్కలోనూ కనిపించదు.

పత్తి విత్తనాల క్రాసింగ్ (పూలను చేత్తో పరాగసంపర్కం చేసే పని), మిరపకోతలు, ఇటుక బట్టీలకు వలస మొదలుకాకముందే ఈ జాబితా చేతిలో ఉండాలి. కూలీలను కుదుర్చుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి వెళ్లాక తల్లిదండ్రుల్ని ఒప్పించడం చాలా కష్టం.

2. ఇంట్లో మాట్లాడండి

ఉపన్యాసాలు వద్దు, లెక్క అడగండి. బిడ్డ నెలకు ఎంత తెస్తున్నాడు, ఏడాదిలో ఎన్ని నెలలు తెస్తున్నాడు, ఆ డబ్బు దేనికి పోతోంది? చాలా ఇళ్లలో ఈ లెక్క అయ్యేసరికి అసలు కారణం బయటపడుతుంది. బడిలో దెబ్బలు, అర్థంకాని పాఠాలు, ఆడపిల్ల ఒంటరిగా నడవాల్సిన దూరం, తండ్రి అనారోగ్యం. ఏ కారణమో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది. దూరం సమస్యైతే హాస్టలు చూడాలి, డబ్బు సమస్యైతే పథకం చూడాలి.

పిల్లల సంరక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి ఇచ్చే సాయం, నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. తల్లి వితంతువైన పిల్లలు, తల్లిదండ్రులు మంచాన పడిన పిల్లలు ముందు వరుసలో ఉంటారు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. కాగితాలు కదలడానికి టైం పడుతుంది కాబట్టి పని మాన్పించకముందే పెట్టండి. ఈలోగా మహిళా సంఘం నుంచి చిన్న అప్పు, రావలసిన పింఛను, రేషన్ కార్డులో పేరు లాంటివి గ్రామ పెద్దలు చూడగలిగినవే.

3. యజమానితో మాట్లాడండి

ఒక్కరే వెళ్లొద్దు. పాఠశాల యాజమాన్య కమిటీ నుంచి ఒకరు, వార్డు మెంబరు, ఇంకొకరు కలిసి వెళ్లండి. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 2016 సవరణ ప్రకారం శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బడి వేళల తర్వాత సొంత ఇంటి పనిలో సాయం చేయడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. దాన్ని చూపించి "మా చుట్టాల పిల్లాడే" అంటారు. బడి వేళలో పనిలో ఉన్నాడంటే ఆ సాకు నిలవదు. వినకపోతే కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.

అడ్వాన్సు విషయంలో ఎక్కువమంది పొరపడతారు. ఊరంతా చందాలేసుకుని ఆ బాకీ తీర్చేస్తారు. మరుసటి ఏడు ఇంకాస్త పెద్ద అడ్వాన్సుతో ఇంకో బిడ్డ వెళ్తుంది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం మనిషిని పనికి కట్టిపడేసే అలాంటి బాకీ చెల్లదు, ఎవరూ కట్టనక్కర్లేదు. కలెక్టరు లేదా ఆర్డీవో దగ్గర విడుదల పత్రం అడగండి. పునరావాస సాయానికి ఆ కాగితమే ఆధారం.

అధికారులతో కలిసి విడిపించిన బిడ్డను 24 గంటల్లోపు జిల్లాలో ఉండే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. మీ ఇంట్లో ఉంచుకోకండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. బిడ్డ ఎవరో తెలిసేలా చేయడం నేరం, పైగా రేపు తరగతిలో ఆ ఫొటోనే ఏడిపించడానికి పనికొస్తుంది.

4. బడిలో చేర్చండి

అడ్డంకులు ఇక్కడే ఎక్కువ. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో చాలావాటికి జవాబుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ రాలేదని ఆపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా తీసుకోవాలి. ఆధార్ లేకపోయినా ప్రవేశం ఆగకూడదు. బిడ్డ ఇంతకుముందు ఎక్కడైనా చదివుంటే పేరు యూడైస్ (బడుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ)లో, బడి మానేసిన పిల్లల పేర్లుండే డ్రాప్‌బాక్స్‌లో ఉండొచ్చు. అక్కడినుంచి తెచ్చుకోమని హెడ్మాస్టరుకు చెప్పండి. కొత్తగా నమోదు చేస్తే పేర్లు రెండై చిక్కులొస్తాయి.

తరగతి వయసును బట్టే. పదకొండేళ్లవాణ్ణి అక్షరాలు రావని ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారం తిరక్కుండా మానేస్తాడు. సిగ్గు అంత పని చేస్తుంది. చట్టం వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వమంటోంది. పని జరిగిన చోటు ఇంటి పక్కనే ఉంటే బయటి ఊళ్లో హాస్టల్ వసతి ఉన్న శిక్షణ మేలు. ఆడపిల్లలకు హాస్టల్ ఉన్న కస్తూర్బా బాలికా విద్యాలయం అడగండి.

శిక్షణను బిడ్డకు వచ్చినదాంతో మొదలుపెట్టాలి. టీ కొట్టులో పనిచేసిన పిల్లాడు ఏడు టీలకు ఎంతో, వందకు చిల్లర ఎంతో నోటితో టక్కున చెబుతాడు. అదే లెక్క పలక మీద వేస్తే తెల్లమొహం వేస్తాడు. వాడు నోటితో చెప్పిన లెక్కను వాడిచేతే రాయించండి. చదవడం కూడా అంతే. తన పేరు, ఊరి పేరు, కొట్టు బోర్డు మీది మాటలతో మొదలుపెడితే అక్షరాలు త్వరగా పట్టుబడతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం అలవాటు లేని పిల్లలు కాబట్టి మొదట్లో మధ్యమధ్య లేవనివ్వండి.

14 దాటినవాళ్లకు ఓపెన్ స్కూల్లో పదో తరగతి దారి ఉంది. ప్రత్యేక శిక్షణతో చేరిన పిల్లలకైతే 14 నిండినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచిత చదువు హక్కే.

5. మొదటి తొంభై రోజులు

వరసగా రెండు రోజులు రాకపోతే ఆ సాయంత్రమే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లాలి. ఎవరు వెళ్లాలో ముందే పేరు పెట్టుకోండి, లేకపోతే ఎవరూ వెళ్లరు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి ఆ వీధిలోవాళ్లు దొరుకుతారు. పండగ మర్నాడు, సంత రోజు, కోతల వారం హాజరు తప్పకుండా చూడండి. జారిపోయేది అప్పుడే. తిట్టకుండా, "ఏం జరిగింది?" అని అడిగి తీసుకురండి.

ఐదో తరగతి అయ్యాక బడి మారాల్సిన పిల్లల పేర్లు ఏప్రిల్‌లోనే విడిగా రాసి, ఆరో తరగతిలో సీటు ఖాయం చేసుకోండి. వేసవి సెలవుల్లో మేస్త్రీతో ఎవరెవరు వెళ్లారో తెలుసుకుని, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారమే ఆ ఇళ్లకు వెళ్లండి.